నాట్ డిటెక్టెడ్ అంటే లేదనా? ఒంట్లో తిష్ఠ వేసే వైరస్‌ల గురించి అపోహలు - వాస్తవాలు

వైరాలజీ ల్యాబ్‌లో రిపోర్టులు చూసి సంతకం చేయడం నా పని. సంతకం క్షణంలో అయిపోతుంది, ఆ తర్వాత వచ్చే ఫోన్లతోనే తంటా. అందరూ అడిగేది ఒకటే: "ఇంతకీ వైరస్ పోయినట్టేనా?" ఏ వైరస్ అని ఎదురు అడిగితే విసుక్కుంటారు గానీ, జవాబు మొత్తం దాన్ని బట్టే మారిపోతుంది.

అపోహ: హెచ్‌ఐవీ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) "నాట్ డిటెక్టెడ్" అని వచ్చింది, ఇక మందులు ఆపేయొచ్చు.

వాస్తవం: ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగొస్తుంది. ఒకాయన రెండేళ్ళు ఒక్క పూట కూడా మానకుండా మాత్రలు వేసుకున్నారు. వరసగా మూడు రిపోర్టులు "నాట్ డిటెక్టెడ్". నాలుగోది లక్ష కాపీలు దాటేసరికి శాంపిల్ మారిపోయిందేమోనని మళ్ళీ రన్ చేయించాను. అంతే వచ్చింది. "వైరస్ లేదని మీరే రాశారు కదండీ, అందుకే రెండు నెలల కింద ఆపేశా" అన్నారాయన. ఆయన్ని ఏమనగలం? ఆ మాటకు అర్థం చెప్పకుండా కాగితం చేతిలో పెట్టింది మేమే.

మా మెషీన్ చూసేది రక్తంలో తిరుగుతున్న వైరస్‌ని మాత్రమే. హెచ్‌ఐవీ తన జన్యువును సీడీ4 కణాల (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్లరక్తకణాల) డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది. అలాంటి కణం విశ్రాంతిలోకి జారుకుంటే లోపల వైరస్ కూడా కిక్కురుమనకుండా పడి ఉంటుంది. ప్రోటీన్లు తయారు చేయదు కాబట్టి రోగనిరోధక వ్యవస్థకు దొరకదు. కాపీలు తీయదు కాబట్టి మందు దాన్నేమీ చేయలేదు. మళ్ళీ లేచి కూర్చోగల వైరస్ ఉన్నది సుమారు 10 లక్షల విశ్రాంత కణాల్లో ఒకదాంట్లోనే. కానీ ఆ నిల్వ సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుంది. ఆ లెక్కన మందులతో పూర్తిగా ఖాళీ కావాలంటే 70 ఏళ్ళు దాటుతుంది.

అమెరికాలోని మిసిసిపీలో హెచ్‌ఐవీతో పుట్టిన ఒక పాపకు 30 గంటల వయసులోనే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర తర్వాత చికిత్స ఆగిపోయింది. ఆ తర్వాత 27 నెలల పాటు వైరస్ జాడ లేదు, నయమైందనే అనుకున్నారు. 2014లో తిరిగొచ్చింది.

అలాగని ఆ రిపోర్టును తీసిపారేయకండి. మందులు వాడుతూ ఆ స్థాయిలోనే నిలకడగా ఉన్నవాళ్ళ నుంచి లైంగికంగా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు.

అపోహ: హెపటైటిస్ సీ కూడా అంతే, పట్టుకుంటే జీవితాంతం వదలదు.

వాస్తవం: ఇప్పుడు వదిలించే మందులున్నాయి. ఈ వైరస్‌కు దాక్కునే చోటే లేదు. కణకేంద్రకం గడప తొక్కదు, డీఎన్‌ఏలో చేరదు. పగలూ రాత్రీ కాపీలు తీస్తూ, వేషం మారుస్తూ యాంటీబాడీలను ఏమార్చి నెట్టుకొస్తుంది. ఆ కాపీల పనిని 8 నుంచి 12 వారాలు మాత్రలతో ఆపగలిగితే 95 శాతానికి పైగా రోగుల్లో దాని కథ ముగుస్తుంది. కోర్సు అయిన 12 వారాలకు "నాట్ డిటెక్టెడ్" వచ్చిందంటే నయమైనట్టే. అదే మాట, అదే మెషీన్, అర్థం మాత్రం వేరు.

ఇక్కడో చిక్కుంది. నయమైనా యాంటీబాడీ పరీక్ష ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే వస్తుంది. ఏదో చెకప్‌లో అది చూసి బెంబేలెత్తిపోయి ఫోన్ చేస్తారు. చూసుకోవాల్సింది వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. అయితే ఆ యాంటీబాడీలు రక్షణ కవచం కావు, వైరస్ మళ్ళీ కొత్తగా సోకవచ్చు.

అపోహ: సర్పి ఎవరి దగ్గర్నుంచో అంటుకుంటుంది.

వాస్తవం: అది మీ చిన్నప్పటి ఆటలమ్మే. ఆ వైరస్ వెన్నెముక పక్కనుండే నాడీకణాల ముడుల్లో దశాబ్దాలు నక్కి ఉండి, వయసు మీదపడో మరో కారణంతోనో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఒక నాడి వెంట దిగి వస్తుంది. పొక్కులు వీపు దగ్గర మొదలై పట్టీలా ముందుకొచ్చి, ఛాతీ మధ్య గీత గీసినట్టు ఆగిపోయేది అందుకే. ఆ నాడి సరిహద్దు అక్కడితో సరి. ఇంగ్లండ్‌లో హోప్-సింప్సన్ అనే ఫ్యామిలీ డాక్టర్ తన రోగుల వివరాలు 16 ఏళ్ళు రాసి పెట్టుకుని, 1965లో ఈ సంగతి ప్రతిపాదించారు. పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) మెషీన్లు ముందేసుకుని కూర్చునే మాలాంటివాళ్ళకు ఆ నోటుపుస్తకం తలచుకుంటే కాస్త సిగ్గేస్తుంది.

ఒక్క జాగ్రత్త: సర్పి పొక్కుల్లోని రసం తగిలితే, ఆటలమ్మ రానివాళ్ళకు ఆటలమ్మ రావచ్చు.

అపోహ: ఐజీజీ (వైరస్ సోకాక ఒంట్లో చాన్నాళ్ళు ఉండిపోయే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చింది, వెంటనే మందు వాడాలి.

వాస్తవం: సైటోమెగాలో, ఎప్‌స్టీన్-బార్ లాంటి సర్వసాధారణ వైరస్‌లకు ఐజీజీ ఉందంటే ఎప్పుడో ఆ వైరస్ సోకిందని, అంతే. ఎప్‌స్టీన్-బార్ పెద్దవాళ్ళలో 90 శాతానికి పైగా మందిలో ఉంటుంది, బహుశా నాలోనూ. ఆ ఫలితం చూసి టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: కోవిడ్ తగ్గి నెలైనా పీసీఆర్ పాజిటివ్, అంటే ఇంకా అంటిస్తారు.

వాస్తవం: పీసీఆర్‌కు బతికున్న వైరస్, దాని ముక్కలు రెండూ ఒకటే. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళలో అప్పటికి మిగిలేవి చాలావరకు ముక్కలే. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళలో అసలు వైరస్సే నెలల తరబడి ఉండొచ్చు.

అపోహ: ఎప్పుడో హెపటైటిస్ బీ కామెర్లు వచ్చి తగ్గాయి, అది అయిపోయిన కథ.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. తగ్గినా ఈ వైరస్ డీఎన్‌ఏ చిన్న రింగులా కాలేయ కణాల కేంద్రకంలో మిగిలిపోతుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే మందులు కొత్త కాపీలను ఆపుతాయి గానీ ఆ రింగును ముట్టుకోలేవు. మామూలుగా మన రోగనిరోధక వ్యవస్థే దాన్ని అణచి ఉంచుతుంది. రిటుక్సిమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో ఆ కాపలా తప్పితే వైరస్ విజృంభించి, కాలేయం ప్రాణాంతకంగా దెబ్బతినవచ్చు. ముందే తెలిస్తే రోజూ వేసుకునే ఒక మాత్రతో చాలావరకు ఆపగలిగే ప్రమాదం ఇది.

తెలియాలంటే సర్ఫేస్ యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రోటీన్) ఒక్కటే చూస్తే చాలదు, కోర్ యాంటీబాడీ (ఎప్పుడో వైరస్ సోకిందని చూపేది) కూడా చూడాలి. రిటుక్సిమాబ్ మొదలుపెట్టబోతున్నామని రాసి, కోర్ యాంటీబాడీ గడి ఖాళీగా వదిలేసిన ఫారాలు ఇప్పటికీ వస్తుంటాయి. అలాంటప్పుడు ఫోన్ చేసేది నేనే.