కాల్చిన మట్టి మళ్లీ సిమెంట్‌లోకి ఎలా వచ్చింది

2023లో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఐఎస్ 18189 పేరుతో కొత్త ప్రమాణం తెచ్చింది. సిమెంట్‌లో క్లింకర్‌ను (సున్నపురాయి, మట్టి కలిపి కాలిస్తే వచ్చే ముఖ్య దినుసును) బాగా తగ్గించి, దాని బదులు కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలుపుకోవచ్చని చెప్పే ప్రమాణం ఇది. ఈ తరహా సిమెంట్‌ను ఇంజనీర్లు ఎల్‌సీ3 (లైమ్‌స్టోన్ కాల్సైన్డ్ క్లే సిమెంట్) అంటారు. పత్రికల్లో దీని గురించి పెద్దగా రాలేదు. కానీ సిమెంట్ తయారీలో చైనా తర్వాత మనదే రెండో స్థానం. ఏటా 40 కోట్ల టన్నులకు పైగా తయారుచేస్తున్నాం. ఇళ్లు, బడులు, ఆసుపత్రులు, వంతెనలు ఇంకా ఎన్నో కట్టుకోవాలి. వాతావరణం పేరు చెప్పి కట్టడం ఆపమనే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి దేనితో కడుతున్నామన్నదే అసలు ప్రశ్న.

సిమెంట్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ప్రపంచ ఉద్గారాల్లో 7 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. కొలిమిలో మండే బొగ్గే ఇందుకు కారణమని చాలామంది అనుకుంటారు. కొంతవరకే అది నిజం. 1824లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. సున్నపురాయిని మట్టితో కలిపి కాల్చడమనే మూలసూత్రం అప్పటి నుంచీ మారలేదు. ఇప్పుడు సుమారు 1,450 డిగ్రీల దగ్గర కాలుస్తారు, క్లింకర్ గడ్డలు వస్తాయి. ఆ వేడికి సున్నపురాయి విడిపోయి, తన బరువులో 44 శాతాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి వదిలేస్తుంది. సిమెంట్ ఉద్గారాల్లో దాదాపు 60 శాతం ఈ రాయిలోంచి వచ్చేదే. బొగ్గు మానేసి సౌరవిద్యుత్‌తో కొలిమిని నడిపినా ఈ భాగం తగ్గదు. అందుకే క్లింకర్‌నే తగ్గించే దారులు వెతకాల్సి వచ్చింది.

ఆ దారుల్లో ఒకటి మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. ఇటుకలనో మట్టినో కాల్చి పొడిచేసి సున్నంలో కలిపితే, అది నీటిలో కూడా గట్టిపడుతుంది. పాత పీడబ్ల్యూడీ ఇంజనీర్లు ఆ పొడిని సుర్కీ అనేవారు. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్టకు వాడింది సున్నం, సుర్కీ కలిపిన గచ్చే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పర్యవేక్షించిన కృష్ణరాజసాగర్‌లోనూ సుర్కీ గచ్చునే వాడారు. స్వాతంత్ర్యం వచ్చాక కట్టిన భాక్రా ఆనకట్టలో, సిమెంట్‌లో కొంత భాగానికి బదులు కాల్చిన షేల్ (మట్టి గట్టిపడి ఏర్పడిన రాయి) పొడి కలిపారు. రిహాండ్ ఆనకట్టలో థర్మల్ కేంద్రాల బూడిద, అంటే ఫ్లైయాష్, వాడారు. వీళ్లెవరూ కార్బన్ గురించి ఆలోచించలేదు. సిమెంట్ దొరకడం కష్టం, ధర ఎక్కువ. పైగా ఆనకట్ట లాంటి భారీ కట్టడంలో సిమెంట్ ఎక్కువైతే లోపల వేడి పెరిగి పగుళ్లు వస్తాయి. చౌకగా, గట్టిగా కట్టాలని చేసిన పనే ఇవాళ తక్కువ కార్బన్ పద్ధతిగా కనిపిస్తోంది.

మరి ఆ పద్ధతి ఎందుకు వెనకబడింది? దీనికి జవాబు రసాయన శాస్త్రంలో కంటే మన మార్కెట్ చరిత్రలోనే ఎక్కువ దొరుకుతుందని నా నమ్మకం.

1982 దాకా దేశంలో సిమెంట్ ధర, పంపిణీ ప్రభుత్వం చేతిలో ఉండేవి. ఇల్లు కట్టుకోవాలంటే పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. సరుకు దొరకని కాలంలో కల్తీ సహజంగానే పెరుగుతుంది. బస్తాలో బూడిద కలిపారన్న అనుమానం జనంలో పాతుకుపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చట్టబద్ధంగా ఫ్లైయాష్ కలిపిన పోర్ట్‌లాండ్ పోజొలానా సిమెంట్ (పీపీసీ) కూడా మార్కెట్లో ఉండేది. మంచి పీపీసీకీ, కల్తీ బస్తాకీ తేడా చెప్పగలిగే పరీక్ష మేస్త్రి దగ్గర లేదు. దాంతో రెండూ ఒకటే అన్న ముద్ర పడింది. 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా నియంత్రణ ఎత్తేశారు. ఈ మధ్యలో, 1987లో, 53 గ్రేడ్ సిమెంట్‌కు ప్రమాణం వచ్చింది. గ్రేడ్ అంటే సిమెంట్ బలాన్ని చెప్పే అంకె. గ్రేడ్ సంఖ్య పెద్దదైతే ఇల్లు అంత గట్టిదన్న ప్రచారం మొదలైంది. మామూలు ఇంటి గోడకూ, ప్లాస్టరింగ్‌కూ 53 గ్రేడ్ అవసరం లేదని ఏ స్ట్రక్చరల్ ఇంజనీరైనా చెబుతాడు. అయినా ఇప్పటికీ చాలామంది ఆ అంకె అడిగి మరీ కొంటున్నారు.

పరిస్థితిని మార్చింది బూడిద గుట్టలు. థర్మల్ కేంద్రాల పక్కన ఫ్లైయాష్ చెరువులు పెరిగిపోయి, ఊళ్ల మీదా పొలాల మీదా బూడిద పడుతుంటే, 1999లో కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రం చుట్టూ నిర్ణీత దూరంలో కట్టేవాళ్లు, ఇటుకలు చేసేవాళ్లు ఆ బూడిదను వాడాలన్నది దాని సారాంశం. ఆ దూరాన్ని తర్వాత 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. దాదాపు ఉచితంగా దొరికే పొడిని క్లింకర్ బదులు కలపడం కంపెనీలకూ లాభమే. ఐఎస్ 1489 ప్రకారం పీపీసీలో 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉండొచ్చు. ఐఎస్ 455 ప్రకారం స్లాగ్ సిమెంట్‌లో 70 శాతం దాకా ఉక్కు కర్మాగారాల్లో మిగిలే వ్యర్థం, అంటే స్లాగ్, ఉండొచ్చు. ప్రభుత్వ నిర్మాణ శాఖలు మాత్రం చాలాకాలం తటపటాయించాయి. స్లాబులు, స్తంభాల్లాంటి ఆర్‌సీసీ పనుల్లో పీపీసీకి కేంద్ర ప్రజా పనుల శాఖ తలుపులు తెరిచింది 2000 దాటాకే. ఇవాళ దేశంలో అమ్ముడయ్యే సిమెంట్‌లో ఎక్కువ భాగం పీపీసీయే. టన్ను సిమెంట్‌కు మన పరిశ్రమ వదిలే కార్బన్ ప్రపంచ సగటు కంటే తక్కువగా ఉండటానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. వాతావరణ ఒప్పందాల కంటే ముందే, బూడిద వదిలించుకునే ప్రయత్నంలో సాధించిన ఫలితం ఇది.

ఫ్లైయాష్ రాకతో కాల్చిన మట్టి పక్కకు పోయింది. ఫ్లైయాష్ బాయిలర్‌లో కాలి, మెత్తటి పొడిగానే వస్తుంది. మట్టినైతే తవ్వాలి, కాల్చాలి, నూరాలి. కాల్చిన మట్టితో చేసే పీపీసీకి 1991 నుంచే ఐఎస్ 1489 రెండో భాగం ఉన్నా, దాని జోలికి వెళ్లినవాళ్లు తక్కువ.

మట్టి మళ్లీ చర్చకు వచ్చింది క్యూబాలో. అక్కడ కరెంటు ప్రధానంగా చమురుతో తయారవుతుంది, కాబట్టి ఫ్లైయాష్ లేదు. ఇళ్ల కొరత మాత్రం తీవ్రం. శాంతా క్లారాలోని లాస్ విల్లాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెర్నాండో మార్తిరేనా, స్విట్జర్లాండ్ లోజాన్‌లోని ఈపీఎఫ్ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయ ఆచార్యురాలు కరెన్ స్క్రివెనర్ కలిసి ఈ సమస్య మీద పనిచేశారు. వాళ్లు తేల్చిన మిశ్రమంలో సగం క్లింకర్, 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి, 5 శాతం జిప్సం ఉంటాయి. 2013లో క్యూబాలోని సిగ్వానే కర్మాగారంలో దీన్ని తొలిసారి పారిశ్రామిక స్థాయిలో తయారుచేసి చూశారు.

ఇందులోని రసాయన చర్యను కాస్త వివరంగా చెప్పుకోవాలి. కయోలిన్ అనే తెల్లమట్టి ఖనిజం ఉన్న బంకమట్టిని 700 నుంచి 850 డిగ్రీల మధ్య కాలిస్తే, దాని నిర్మాణంలో ఇమిడి ఉన్న నీరు పోయి, చురుగ్గా స్పందించే మెటాకయోలిన్ తయారవుతుంది. ఈ దశలో గాల్లోకి పోయేది ప్రధానంగా నీటి ఆవిరి. వేడి కూడా క్లింకర్‌కు కావలసిన దానికంటే చాలా తక్కువ. కాంక్రీట్‌లో క్లింకర్ నీటితో కలిసినప్పుడు పుట్టే సున్నంతో ఈ మెటాకయోలిన్ చర్య జరిపి అదనపు బలాన్నిస్తుంది. సున్నపురాయి పొడి మామూలుగా ఖాళీలు నింపడానికే పనికొస్తుందని అనుకునేవారు. అయితే మట్టిలోని అల్యూమినా తోడైతే ఆ పొడి కూడా చర్యలో పాల్గొని కార్బోఅల్యూమినేట్లు అనే పదార్థాలను పుట్టిస్తుంది. అవి కాంక్రీట్‌లోని సన్నటి రంధ్రాలను మూసేస్తాయి. ఈ జోడీ వల్లే దాదాపు సగం క్లింకర్ తీసేసినా, ఏడు రోజులకే మామూలు సిమెంట్‌తో సమానమైన బలం వస్తుంది. ఫ్లైయాష్ సిమెంట్‌కు తొలి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుందనీ, సెంట్రింగ్ విప్పడానికి ఆగాల్సి వస్తుందనీ కాంట్రాక్టర్లు చేసే ఫిర్యాదుకు ఇది మంచి జవాబు. మామూలు సిమెంట్‌తో పోలిస్తే కార్బన్ 30 నుంచి 40 శాతం తగ్గుతుంది.

మన దేశంలో ఈ పనిని స్విస్ ప్రభుత్వ సహకారంతో ఢిల్లీ, మద్రాస్, బాంబే ఐఐటీలు, తారా సంస్థ చేపట్టాయి. ఝాన్సీలో నమూనా ఇల్లు కట్టారు. ఢిల్లీలోని స్విస్ రాయబార కార్యాలయ ఆవరణలోనూ ఈ సిమెంట్‌తో ఒక భవనం కట్టారు. పింగాణీ పరిశ్రమకు కావలసిన మేలిరకం తెల్లమట్టే దీనికి అక్కర్లేదు. కయోలిన్ 40 శాతం ఉంటే చాలు. అంటే చైనా క్లే (పింగాణీ మట్టి) గనుల దగ్గర పనికిరాదని పారబోసిన మట్టి కూడా పనికొస్తుంది. క్లింకర్‌కు పనికిరాని తక్కువ రకం సున్నపురాయినీ వాడుకోవచ్చు. మంచి సున్నపురాయి నిల్వలు పరిమితంగా ఉన్న దేశానికి ఇది కార్బన్‌తో సమానమైన లాభమని నేననుకుంటాను.

ఫ్లైయాష్ రేపో మాపో అయిపోతుందని కొందరు చెప్పే వాదన మాత్రం తొందరపాటు. బొగ్గు కేంద్రాలు ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి, బూడిద వస్తూనే ఉంటుంది. అసలు చిక్కు దూరం, నాణ్యత. బొగ్గు గనుల ప్రాంతంలో గుట్టలుగా పడి ఉన్న బూడిదను గుజరాత్‌కో రాజస్థాన్‌కో తీసుకెళ్తే రవాణా ఖర్చే తడిసి మోపెడవుతుంది. అక్కడ దగ్గర్లో దొరికే మట్టే మేలు. 2070 నాటికి నెట్ జీరో (నికర ఉద్గారాలు సున్నా) అని 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చాం కాబట్టి, బొగ్గు తగ్గే రోజు కోసం ప్రత్యామ్నాయాన్ని ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవాల్సిందే.

ఎల్‌సీ3కి పరిమితులూ ఉన్నాయి. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతాల్లో ఇనుప చువ్వలను ఇది మామూలు సిమెంట్ కంటే బాగా కాపాడుతుంది. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చొరబడి చువ్వలను తుప్పు పట్టించే విషయంలో మాత్రం కొంత బలహీనం. మెటాకయోలిన్ వల్ల మిశ్రమం త్వరగా బిగుసుకున్నట్టు అనిపించి, పనివాళ్లు అలవాటుగా నీళ్లు ఎక్కువ పోస్తారు. దాంతో బలం పోతుంది. అందుకు సూపర్ ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా ఉంచే రసాయనం) వాడాలి, క్యూరింగ్ (కాంక్రీట్‌ను తడిగా ఉంచడం) తప్పకుండా చేయాలి. మూడు రోజులు నీళ్లు చల్లి వదిలేసే సైట్లలో ఏ మిశ్రమ సిమెంట్ అయినా దెబ్బతింటుంది. ఇనుము ఎక్కువున్న మట్టి కాలితే సిమెంట్ ఎర్రగా వస్తుంది. బలానికి లోటు లేకపోయినా కొనేవాళ్లు బూడిదరంగే కోరుకుంటారు. ఆ రంగు రప్పించే పద్ధతులున్నాయి గానీ ఖర్చు పెరుగుతుంది.

2023లోనే కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. సిమెంట్ రంగం కూడా అందులో ఉంది. లక్ష్యం కంటే ఎక్కువ తగ్గించిన కర్మాగారానికి అమ్ముకోవడానికి క్రెడిట్లు వస్తాయి. మట్టి కాల్చే కొలిమికి పెట్టుబడి పెట్టడానికి ఇది ఒక కారణం కావచ్చు. దానికంటే ముందు జరగాల్సింది ప్రభుత్వ టెండర్లలో. రాష్ట్రాల రేట్ల షెడ్యూళ్లలో, రోడ్లు భవనాల శాఖల స్పెసిఫికేషన్లలో ఐఎస్ 18189 పేరు కనిపిస్తే తప్ప, ఏ అసిస్టెంట్ ఇంజనీరూ తన సైట్‌లోకి ఆ బస్తాను రానివ్వడు. పీపీసీకి ఆ అనుమతి రావడానికి దశాబ్దాలు పట్టింది.