బీపీటీ బియ్యం, ఈస్టు ట్యాంకు, గులాబీ పురుగు

హైదరాబాద్‌లో ఏ బియ్యం కొట్టుకెళ్లినా ముందు రెండు ప్రశ్నలు వస్తాయి. పాతవా, కొత్తవా? బీపీటీనా, హెచ్‌ఎంటీనా? బీపీటీలో ఉన్నది బాపట్ల పేరు. అక్కడి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204 వరినే సాంబ మసూరి అంటారు. గింజ సన్నం, అన్నం పొడిపొడి. అందుకే నలభై ఏళ్లు కావస్తున్నా దాని మీద మోజు తగ్గలేదు. చిక్కల్లా తెగుళ్ల దగ్గరే, ముఖ్యంగా బాక్టీరియా ఎండాకు తెగులు దగ్గర. ఈదురుగాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుని చిరిగితే ఆ గాట్లలోంచి బాక్టీరియా లోపలికి దిగుతుంది. ఆకు కొస నుంచి అంచుల వెంట పసుపు చార కిందికి పాకుతుంది. ముదిరితే పచ్చగా ఉండాల్సిన చేను ఎండుగడ్డిలా కనిపిస్తుంది. దీనికి గట్టిగా పనిచేసే మందు లేదు. పైరు తనంతట తానే తట్టుకోవాలి.

బయోటెక్నాలజీ అనగానే మనవాళ్లకు శామీర్‌పేట దాటాక వచ్చే జీనోమ్ వ్యాలీ, కోవిడ్ టీకాలు గుర్తొస్తాయి. రాజేంద్రనగర్ వరి మడులు గుర్తొచ్చేవాళ్లు తక్కువ. నన్నడిగితే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక జన్యువును మూతేసిన ట్యాంకులో పెట్టామా, గాలీ పురుగూ తిరిగే చేలో పెట్టామా అన్నదాన్ని బట్టి ఆ తర్వాతి కథంతా మారిపోతుంది.

సాంబ మసూరిని బాగుచేసే పనిని కణాలు, జన్యువుల మీద పరిశోధించే హబ్సిగూడలోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం కలిసి తలకెత్తుకున్నాయి. ఆ సంచాలకాలయమే ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ. ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులు రకరకాల వరుల్లో ఉన్నాయి. వాటిలో మూడింటిని ఎంచుకున్నారు: ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. మొదటిది ఆఫ్రికాలోని మాలిలో దొరికిన ఒక అడవి వరిది. అది బాక్టీరియాను గుర్తుపట్టి మొక్కలోని రక్షణ ఏర్పాట్లను లేపుతుంది. రెండోది భలే తమాషా అయినది. ఈ బాక్టీరియా తిండి కోసం మొక్కలో చక్కెరను కణం బయటికి పంపే జన్యువును తానే స్విచ్ వేసి పనిచేయిస్తుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ స్విచ్ ఉండే చోటే మారిపోయి ఉంటుంది. బాక్టీరియా ఎంత ప్రయత్నించినా చక్కెర రాదు. ఇలా మొక్క జన్యువులను నడిపించడానికి బాక్టీరియా అక్కడి ఒక ప్రోటీన్‌ను వాడుకుంటుంది. ఆ ప్రోటీన్‌లో ఉన్న చిన్న తేడాయే ఎక్స్‌ఏ5.

మూడు ఎందుకంటే, ఒక్కటే పెడితే దాన్ని దాటే దారి బాక్టీరియా ఏదో ఒక రోజు కనిపెడుతుంది. మూడింటినీ ఒక్కసారి దాటడం దానికి కష్టం.

అయితే మూడూ ఒకే మొక్కలోకి వచ్చాయని తెలిసేదెలా? తెగులును తట్టుకుంటుందో లేదో చూడటానికి ఒక చౌక పరీక్ష ఉంది. బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకుల కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలు ఆగి, మచ్చ కిందికి ఎంత దిగిందో స్కేలు పెట్టి కొలుస్తారు. తట్టుకునే మొక్కలో మచ్చ కొస దగ్గరే ఆగిపోతుంది, లొంగే మొక్కలో ఆకు సగం దాకా పాకుతుంది. కానీ ఎక్స్‌ఏ21 ఒక్కటి ఉన్నా మచ్చ ఆగుతుంది. మిగతా రెండూ ఉన్నాయో లేవో ఆకును చూసి చెప్పలేం. పైగా ఆ రెండూ అంతర్గత లక్షణాలు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తేనే బయటపడతాయి, ఒక్క వైపు నుంచే వస్తే మొక్కలో దాక్కుని ఉంటాయి. అందుకని నారుగా ఉన్నప్పుడే చిన్న ఆకు ముక్క తీసి, డీఎన్‌ఏ వేరుచేసి, పీసీఆర్ చేసి (కావాల్సిన డీఎన్‌ఏ ముక్కకు బోలెడన్ని నకళ్లు తీసే పద్ధతి), ఆ మూడు జన్యువుల గుర్తులు ఉన్నాయో లేదో జెల్ మీద చూశారు. (కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని టెన్షన్‌గా రిపోర్టు కోసం చూశామే, ఆ పరీక్షకూ దీనికీ మూలం ఒకటే.) గుర్తులున్న మొక్కలనే ఉంచి మళ్లీ సాంబ మసూరితో సంకరం చేశారు. తరం మీద తరం ఇలా నడిచాక, ఆ మూడు జన్యువులు తప్ప మిగతాదంతా దాదాపు సాంబ మసూరే అయిన మొక్క చేతికొచ్చింది. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా విడుదలైంది.

ఇందులో జన్యుమార్పిడి లేదు. వరి జన్యువులే పుప్పొడి దారిన వరిలోకి వచ్చాయి. ప్రయోగశాల చేసిన పనల్లా ఏ మొక్కను ఉంచాలో, ఏది పీకేయాలో చెప్పడం. అందుకే ధర్నాలు లేవు, టీవీ చర్చలు లేవు, రావాల్సినంత పేరూ రాలేదు. తర్వాత చేసిన పరీక్షల్లో ఈ బియ్యం గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 51 దగ్గర తేలడంతో షుగర్ ఉన్నవాళ్ల చూపు దీని మీద పడింది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా కూడా ఇదే కారణంతో పేరు తెచ్చుకుంది. ఇండెక్స్ తక్కువే కదా అని రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే మాత్రం వచ్చిన లాభం అక్కడికక్కడే పోతుంది.

ఇక ట్యాంకు సంగతి. హెపటైటిస్ బి వైరస్ కాలేయాన్ని పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలదు. కొందరిలో సిరోసిస్‌కూ క్యాన్సర్‌కూ దారితీస్తుంది. మొదట్లో దీని టీకాను వైరస్ ఉన్న మనుషుల రక్తంలోంచే తీసేవాళ్లు. 1986లో అమెరికాలో ఈస్టుతో, అంటే రొట్టె పిండిని పొంగించే సూక్ష్మజీవితో, తయారైన టీకా వచ్చింది కానీ మన దగ్గర దిగుమతి డోసు ధర వందల్లో ఉండేది, మామూలు సంసారి కొనలేడు. వరప్రసాద్ రెడ్డి అనే ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు 1993లో తల్లి శాంతమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టారు. మొదట ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీలో పరిశోధన సాగింది. 1997 ఆగస్టులో శాన్వాక్-బి బయటికొచ్చింది. ఇలా ఒక జీవి జన్యువును మరో జీవిలో పెట్టి ప్రోటీన్ చేయించే రీకాంబినెంట్ పద్ధతిలో దేశంలోనే తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అదే. మరుసటి ఏడాదే భారత్ బయోటెక్ తన టీకాతో పోటీకి దిగింది. వందల్లో ఉన్న డోసు ధర పదుల్లోకి పడిపోయింది.

ఆ టీకాను చేసి పెట్టింది పికియా పాస్టోరిస్ అనే ఈస్టు. మనిషి తాగితే చూపు పోయే మిథనాల్‌ను ఈ ఈస్టు హాయిగా తిని బతకగలదు. మిథనాల్ తగిలిందంటే చాలు, దాన్ని అరిగించుకునే ఎంజైమును కుప్పలుతెప్పలుగా తయారుచేస్తుంది. ఆ ఎంజైము జన్యువును మేల్కొలిపే డీఎన్‌ఏ ముక్క వెనకాల వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువును తగిలిస్తారు. స్టీలు ట్యాంకులో ముందు గ్లిజరాల్ పోసి ఈస్టును చిక్కగా పెంచుతారు. తర్వాత మిథనాల్‌ను కొద్దికొద్దిగా వదులుతారు. ఇక అది ఎంజైముతో పాటు వైరస్ ప్రోటీన్‌నూ తయారుచేయడం మొదలుపెడుతుంది. కణాలు పగలగొట్టి ప్రోటీన్‌ను శుద్ధిచేస్తే, అది 22 నానోమీటర్ల గోళాలుగా కూడుకుని ఉంటుంది. మన రోగనిరోధక వ్యవస్థకు అవి వైరస్‌లాగే కనిపిస్తాయి. లోపల వైరస్ జన్యు పదార్థం లేదు కాబట్టి జబ్బు వచ్చే ప్రశ్నే లేదు.

2021 డిసెంబరులో అత్యవసర అనుమతి పొందిన బయొలాజికల్-ఇ వారి కోవిడ్ టీకా కోర్బెవాక్స్‌దీ ఇదే ఈస్టు. హెపటైటిస్ ప్రోటీన్ బదులు కరోనా స్పైక్ ముక్క, అంతే తేడా. 2022 మార్చిలో 12-14 ఏళ్ల పిల్లల చేతికి పడింది ఆ సూదే. కోవాక్సిన్ ఈ కోవలోది కాదు. అది పెంచిన వైరస్‌ను రసాయనంతో చంపి చేసే పాత పద్ధతి. డాక్టర్ రెడ్డీస్ 2007లో తెచ్చిన రెడిటక్స్ లింఫోమా అనే క్యాన్సర్‌కు వాడే యాంటీబాడీ మందు. యాంటీబాడీ పెద్ద అణువు, ఈస్టుతో కుదరక హ్యామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు కణాలను పెంచి చేస్తారు.

ట్యాంకులో వేడి, ఆమ్లత్వం, ఆక్సిజన్ అన్నీ మన చేతిలో ఉంటాయి. బ్యాచ్ చెడితే పారబోస్తారు. పని అయ్యాక ఈస్టును చంపేస్తారు. తిరగబడటానికి దానికి వ్యవధే ఉండదు. పోటీ పడే కంపెనీలు పెరిగితే ధర దిగుతుంది, పాతికేళ్లయినా టీకా అలాగే పనిచేస్తుంది.

చేలో అలా కాదు. పత్తి దీనికి సాక్ష్యం. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయ్యాయి. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు, మందుల షాపులో అప్పు మాత్రం పెరిగింది. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా జన్యువు అందులో ఉంది. అది చేసే ప్రోటీన్‌ను తిన్న కాయతొలుచు పురుగు పేగులో రంధ్రాలు పడతాయి. తినడం మానేసి చస్తుంది. ఆ ప్రోటీన్ అతుక్కునే గ్రాహకాలు మన పేగుల్లో లేవు కాబట్టి మనకు అది మరో ప్రోటీన్ మాత్రమే. శనగపచ్చ పురుగు మీద ఇది బాగా పనిచేసింది, దానికోసం కొట్టే మందులు తగ్గాయి. కాదనడానికి లేదు.

తర్వాత వచ్చింది గులాబీ పురుగు. చిన్న కాయలోకి దూరగానే అది వెళ్లిన రంధ్రం పూడిపోతుంది, రైతుకు పైకి ఏమీ కనిపించదు. పూరేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు కనిపిస్తే లోపల అది ఉన్నట్టే. కాయ పగలగొట్టి చూస్తే గింజలు తినేసి, దూది రంగు మారి ఉంటుంది. బీటీని తట్టుకునే గులాబీ పురుగులు గుజరాత్‌లో 2009-10 నాటికే బయటపడ్డాయి. ఆ తర్వాత రెండు బీటీ జన్యువులున్న పత్తి బోల్‌గార్డ్-2 కూడా వాటి ముందు నిలవలేదు.

ఎందుకిలా జరిగిందో చూస్తే తప్పు ఒక్క జన్యువుది కాదు. మన దేశంలో బీటీని హైబ్రిడ్ విత్తనాల్లోనే అమ్మారు. హైబ్రిడ్‌లో జన్యువు ఒక్క వైపు నుంచే వస్తే ఆ మొక్క కాయలోని గింజల్లో నాలుగింట ఒక వంతుకు ఆ జన్యువు ఉండదు. గింజలే తినే గులాబీ పురుగు ఒకే కాయలో విషమున్న గింజా, లేని గింజా కలిపి తింటూ బతికి బట్టకడుతుంది. కాస్త ఓర్చుకునే పురుగులను ఏరి పెంచడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. దీనికి తోడు ఇంకో తీత దొరుకుతుందని ఫిబ్రవరి, మార్చి దాకా చేను ఉంచేస్తే పురుగుకు తిండి ఆగదు.

విరుగుడు కాగితం మీద ఉంది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల బీటీ కాని గింజలు ఇచ్చి చేను చుట్టూ వేయమన్నారు. అక్కడ పుట్టే మామూలు పురుగులు బీటీని తట్టుకున్నవాటితో జతకడితే నిరోధం తరాల్లో పలచబడుతుందని లెక్క. శాస్త్రం సరైనదే. కానీ సొంత ఎకరంలో డబ్బు పెట్టి పురుగులు పెంచమంటే ఏ రైతు వింటాడు? ఆ చిన్న ప్యాకెట్లు గట్ల మీదే పోయాయి. చివరికి బీటీ గింజల్లోనే మామూలు గింజలు కలిపి ఒకే సంచిలో అమ్మే పద్ధతి తెచ్చారు.

ధర గొడవ వేరే ఉంది. 1,600 రూపాయలు దాటిన ప్యాకెట్ మీద 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీల గుత్తాధిపత్యం మీద ఫిర్యాదులు వినే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లి 750కి దింపించింది. జన్యువు అమెరికా కంపెనీది, గింజ మాత్రం గద్వాల నడిగడ్డ చేలలో తయారవుతుంది. సాయంత్రం మొగ్గల్లోంచి మగ భాగాలు తీసేయడం, పొద్దున్నే మరో మొక్క పుప్పొడి అద్దడం, అదంతా కూలీల చేతిపనే. హైటెక్ విత్తనం అనే మాట వెనక ఆ వేళ్లు ఉన్నాయి.

సీసీఎంబీని నిలబెట్టిన శాస్త్రవేత్త పుష్ప భార్గవే జన్యుమార్పిడి పంటలను గట్టిగా ప్రశ్నించిన వాళ్లలో ముందుండేవారు. 2010లో బీటీ వంకాయ మీద కేంద్రం ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం విన్నప్పుడు హైదరాబాద్ వాటిలో ఒకటి. ఆ ఫిబ్రవరిలోనే అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపివేశారు. ఆ తీర్పులో శాస్త్రం ఎంత, రాజకీయం ఎంత అని ఇప్పటికీ వాదనే. పత్తి మనం కట్టుకునేది, వంకాయ గుత్తి కూర చేసుకుని తినేది. జనం రెండింటినీ ఒకేలా చూడలేదు.

2025 మేలో కథ మళ్లీ సాంబ మసూరి దగ్గరికే వచ్చింది. దాని జన్యువుల్లో ఒకదాన్ని, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ అనే పరికరంతో సవరించి, రాజేంద్రనగర్ సంస్థ తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100ను కేంద్రం ప్రకటించింది. కమల అని పేరు పెట్టారు. మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోను కంకిలో గింజల సంఖ్యను పెంచుతుంది. సీకేఎక్స్2 అనే జన్యువు ఆ హార్మోనును విరగ్గొడుతుంది. ఆ జన్యువును పనిచేయకుండా చేస్తే గింజలు పెరుగుతాయి. సాంబ మసూరి కన్నా 19 శాతం ఎక్కువ దిగుబడి వస్తుందని, సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందని సంస్థ చెబుతోంది. 20 రోజులంటే చివరి తడులు మిగిలినట్టే. ఆ దిగుబడి అంకెలను ప్రశ్నిస్తున్నవాళ్లూ ఉన్నారు. వేర్వేరు జిల్లాల రైతుల పొలాల్లో పండితేనే అది తేలుతుంది.

కత్తిరించే పని అయ్యాక క్రిస్పర్ పరికరం తాలూకు జన్యువులు లేని మొక్కలనే ఏరుతారు కాబట్టి బయటి డీఎన్‌ఏ మిగలదు. ఇలాంటి పంటలకు 2022లో కేంద్రం జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. నాకు అది సబబుగానే తోస్తుంది, పరీక్షల లెక్కలన్నీ బయట పెట్టినంత వరకూ. అయితే క్రిస్పర్ మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరికి ఆ బెడద లేదు, పుప్పొడికి లైసెన్సు అక్కర్లేదు. కమల విత్తనం సంచి మీద ఎంత ధర పడుతుందన్నది మాత్రం ఆ పేటెంట్ల బేరం తేలాకే తెలుస్తుంది.