ఒక తాడుని 30 ఏళ్లు బ్యాన్ చేశారు: డింగీలు, స్కిఫ్‌లు, పాత తగువు

ఏ పాత రేసింగ్ డింగీ (చిన్న తెరచాప పడవ) క్లాస్‌లో, అంటే ఒకే రూల్స్‌తో పోటీ పడే బోట్ల గుంపులో అయినా ఎవరో ఒకరు లేచి "మన బోటుని కొంచెం మోడర్న్ చేద్దాం, స్కిఫ్‌లకి ఉన్నట్టు రెండు ట్రపీజ్‌లు, ముందు పొడుగాటి పోల్, పెద్ద స్పినేకర్ పెడదాం" అన్నారంటే ఇక గొడవ మొదలైనట్టే. (స్కిఫ్ అంటే తేలిగ్గా ఉండి పెద్ద సెయిల్, అంటే తెరచాప, మోసే ఫాస్ట్ డింగీ, ట్రపీజ్ అంటే మనిషి బోటు బయటికి వేలాడే తాడు, స్పినేకర్ అంటే ముందు ఎగరేసే అదనపు సెయిల్.) ఈ గొడవకి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. బయటికి అందరూ స్పీడ్ గురించి వాదించుకుంటారు గానీ లోపల నలిగేది పాత బోటు ఉన్నోళ్ల సంగతి, రూల్ మారిన మర్నాడు వాళ్ల బోటుకి ఏం రేటు పలుకుతుంది, వాళ్లు ఇంకా రేసులకి వస్తారా లేక అమ్మేసి ఇంట్లో కూర్చుంటారా అని.

ఇంటర్నేషనల్ 14 అనే క్లాస్ కథ చూస్తే ఇదంతా కళ్లకి కడుతుంది. 14 అడుగుల బోటు, ఇద్దరు మనుషులు. 1923లో బ్రిటన్‌లో నేషనల్ 14గా మొదలై 1927లో ఇంటర్నేషనల్ హోదా తెచ్చుకుంది. ఇది డెవలప్‌మెంట్ క్లాస్, అంటే పొడవు, సెయిల్ సైజు లాంటి హద్దులు మాత్రం రూల్స్‌లో ఉంటాయి, ఆ హద్దుల్లో ఎవరి డిజైన్ వాళ్లది. 1928లో ఉఫా ఫాక్స్ అనే డిజైనర్ అవెంజర్ అనే బోటు దించాడు, ముందు వైపు V ఆకారం, వెనక్కి వచ్చేసరికి చదును, దాంతో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు బోటు నీళ్లని కోసుకుంటూ పోవడం మానేసి నీళ్ల పైకి లేచి జారిపోయేది, దీన్నే ప్లేనింగ్ అంటారు. ఆ సీజన్‌లో 57 రేసులకి 52 ఫస్టులు, 2 సెకండ్లు, 3 థర్డ్‌లు. మిగతావాళ్ల బోట్లన్నీ ఒక్క ఏడాదిలో పాతబడిపోయాయి.

పదేళ్ల తర్వాత 1938, ఇంగ్లండ్‌లోని ఫాల్మత్‌లో ఈ క్లాస్ పెద్ద రేసు, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్. పీటర్ స్కాట్, జాన్ వింటర్ అనే ఇద్దరు థండర్ అండ్ లైట్నింగ్ అనే బోటులో వచ్చారు (ఈ స్కాట్ అంటార్కిటికాలో చనిపోయిన కెప్టెన్ స్కాట్ కొడుకే, తర్వాత వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ పెట్టినవాళ్లలో కూడా ఉన్నాడు). మాస్ట్ (సెయిల్ కట్టే స్తంభం) పైనుంచి ఒక తాడు, దాని కొస మనిషి నడుముకి కట్టుకున్న బెల్టుకి, ఇదే ట్రపీజ్. అంచు మీద కూర్చుని వెనక్కి వాలే బదులు కాళ్లు అంచు మీద పెట్టి ఒళ్లంతా నీళ్ల మీదకి చాపి నిలబడొచ్చు, బోటు పడిపోకుండా ఆపేది మనిషి బరువే కాబట్టి ఆ బరువు ఎంత దూరం పోతే అంత ఎక్కువ గాలిని వాడుకోవచ్చు. గెలిచారు, అదీ మామూలుగా కాదు, చిత్తుచిత్తుగా. వెంటనే క్లాస్ ఏం చేసిందంటే, ఆ తాడుని బ్యాన్ చేసింది.

నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అతి ఖరీదైన నిర్ణయం ఇదే. ఎందుకంటే ఆ ఐడియా అక్కడ ఆగిపోలేదు, 50ల్లో వచ్చిన ఫ్లయింగ్ డచ్‌మన్, 505 లాంటి కొత్త క్లాసులు ట్రపీజ్‌ని హాయిగా తీసుకున్నాయి, ఫ్లయింగ్ డచ్‌మన్ అయితే 1960 నుంచి 1992 దాకా ఒలింపిక్స్‌లో ఉంది. ట్రపీజ్‌ని ముందు గెలిపించిన 14 క్లాస్ మాత్రం 1969-70 దాకా తాడు ముట్టుకోలేదు. రెండో ట్రపీజ్‌కి 1984 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదంతా ఇలా నడుస్తుంటే సిడ్నీ హార్బర్‌లో ఇంకో లోకం. అక్కడ 1890ల్లో మార్క్ ఫాయ్ అనే వ్యాపారి 18 అడుగుల బోట్ల రేసులని జనం చూసే తమాషాగా మార్చాడు, దూరం నుంచి నంబర్లు కనపడవని సెయిల్స్ మీద రంగురంగుల బొమ్మలు వేయించాడు. అప్పటి బోట్లలో పది మందికి పైగా ఎక్కేవాళ్లు, సెయిల్ పిచ్చి సైజులో ఉండేది, జనం బరువే బ్యాలెన్స్. గాలి తగ్గితే బరువు తగ్గించడానికి ఒకళ్లిద్దర్ని నీళ్లలో దూకించేవాళ్లు, ఈదుకుంటూ ఒడ్డుకి పోవాల్సిందే, జోక్ కాదు. అక్కడ కూడా కొత్తదానికి వెంటనే దండలేం వెయ్యలేదు లెండి, 30ల్లో బ్రిస్బేన్ నుంచి అబర్డేర్ అనే సన్నటి తేలిక బోటు వచ్చి గెలుస్తుంటే పాత క్లబ్ ఒప్పుకోలేదు, ఆ తగువులో కొందరు విడిపోయి 1935లో వేరే లీగ్ పెట్టుకున్నారు. కాకపోతే జనం ఆ ఫాస్ట్ బోట్ల వెంటే వెళ్లారు, క్రూ తగ్గుతూ తగ్గుతూ ముగ్గురికి వచ్చింది, ముగ్గురూ ట్రపీజ్ మీదే.

ఇంతకీ స్కిఫ్‌కీ మామూలు డింగీకీ తేడా ఏంటంటే, రెండు ఒలింపిక్ బోట్లని, 470 అనే మామూలు డింగీనీ 49ఇఆర్ అనే స్కిఫ్‌నీ, పక్కపక్కన పెడితే చాలు. 470 పొడవు 4.7 మీటర్లు, 49ఇఆర్ పొడవు 5 మీటర్లకి కాస్త తక్కువ, బరువు రెండూ 120 కిలోల చుట్టుపక్కలే, రెండిట్లోనూ ఇద్దరే మనుషులు. కానీ 470 వెడల్పు 1.7 మీటర్లు, ట్రపీజ్ ఒక్కళ్లకే. 49ఇఆర్‌కి పక్కలకి చాచిన రెక్కలతో కలిపి దాదాపు 2.9 మీటర్లు, ఇద్దరూ బయటే. దాంతో గాలికి ఎదురెళ్లేటప్పుడు వాడే సెయిల్ 470కి 12.7 చదరపు మీటర్లైతే దీనికి 21, స్పినేకర్ దానికి 13 దాకా ఉంటే దీనికి 38. ఇంత పవర్ ఉన్న బోటు పరిగెడుతుంటే దాని సొంత వేగం వల్ల గాలి ఎప్పుడూ ముందు నుంచి వస్తున్నట్టే ఉంటుంది, వెనక గాలి అన్నమాటే ఉండదు. అందుకే బెలూన్‌లా ఉబ్బే పాత స్పినేకర్ తీసేసి ముందు పోల్‌కి కట్టే అసిమెట్రిక్ (రెండు పక్కలా ఒకేలా ఉండని స్పినేకర్) వచ్చింది, మార్క్ (రేసులో తిరగాల్సిన గుర్తు) వైపు తిన్నగా పోకుండా జిగ్‌జాగ్‌గా పోతారు, దూరం ఎక్కువైనా ముందే చేరతారు.

దీనికి కట్టాల్సిన మూల్యం పై మార్క్ దగ్గర, అంటే గాలి వచ్చే వైపున్న మార్క్ దగ్గర తెలుస్తుంది. అప్పటిదాకా గాలికి ఎదురెక్కిన బోటుని అక్కడ గాలి పోయే వైపుకి తిప్పాలి, తిరిగే ఆ రెండు మూడు సెకన్లలో సెయిల్‌లో పవర్ అంతా ఒక్కసారిగా ముందుకి తోస్తుంది, ముక్కు నీళ్లలోకి దిగుతుంది. 470లో అయితే సెయిల్ వదిలేసి లోపలికొచ్చి కూర్చుంటే గండం గడిచిపోతుంది. స్కిఫ్‌లో ఆ సౌకర్యం లేదు, ఇద్దరూ ట్రపీజ్ వైరు మీదే ఉండి రెక్క చివరికంటా వెనక్కి జరిగి, ఒకళ్లు మెయిన్ షీట్ (పెద్ద సెయిల్‌ని పట్టి ఉంచే తాడు) వదులుతుంటే ఇంకొకళ్లు చుక్కాని తిప్పాలి, మధ్యలో భయపడి సగంలో ఆగితే అంతే, బోల్తా. బ్రేక్ లేదు, స్పీడే సేఫ్టీ.

80ల తర్వాత 14 క్లాస్ మారిన తీరు చూస్తే ఒక్కో పార్ట్ ఇంకోదాన్ని లాక్కొచ్చినట్టు ఉంటుంది. రెండో మనిషి వైరెక్కగానే ఇంకాస్త సెయిల్ మొయ్యగలిగారు, సెయిల్‌కి తగ్గ మాస్ట్ కావాల్సొచ్చింది, స్పీడ్ పెరిగేసరికి అసిమెట్రిక్ తప్పలేదు, దానికి పోల్. ఇంతా చేసి 1996లో ఆస్ట్రేలియా 14 అడుగుల స్కిఫ్‌ల రూల్స్‌తో కలిసిపోయింది, అంటే ఆ తాడుని బ్యాన్ చేసిన క్లాస్ ఆఖరికి తనే స్కిఫ్ అయింది. 2000 దరిదాపుల్లో చుక్కాని కింద T ఆకారపు ఫాయిల్ (నీళ్లలో ఉండే చిన్న రెక్క) కూడా వచ్చింది, టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) పిడి మెలితిప్పితే దాని కోణం మారి బోటు వెనక భాగాన్ని పైకెత్తుతుంది.

సగం సగం మార్పులు చేసిన క్లాసులంటే నాకు నమ్మకం తక్కువ. పాత ఇరుకు హల్ (బోటు ఒళ్లు) మీద పెద్ద అసిమెట్రిక్ ఒక్కటి పెట్టారనుకోండి, దాన్ని మొయ్యడానికి కావాల్సిన వెడల్పూ లేదు బయట వేలాడే మనుషులూ లేరు, తక్కువ గాలిలో ఆ జిగ్‌జాగ్ దూరమంతా దండగ, ఎక్కువ గాలిలో ఈత. మారిస్తే వెడల్పు నుంచి మార్చాలి, అప్పుడది పాత బోటు కాదు, కొత్త క్లాసే, అది ఒప్పుకుని ఓటేస్తే సగం గొడవ ఉండదు.

అలాగని స్వేచ్ఛ మొత్తం ఇచ్చేసినా కష్టమే. 80ల్లో 18 అడుగుల స్కిఫ్‌లు స్పాన్సర్ల డబ్బుతో రెక్కలు పెంచుకుంటూ పోయి ఖర్చు తడిసి మోపెడయి రేసులకొచ్చే బోట్లు తగ్గిపోయాయి, మళ్లీ నిలబడ్డాయంటే అందరికీ ఒకే రకం హల్, వెడల్పుకి హద్దు పెట్టాకే. వన్-డిజైన్ క్లాసులది, అంటే బోట్లన్నీ ఒకేలా ఉండేవాటిది ఇంకో దారి, 49ఇఆర్ 2009లో హల్ ముట్టుకోకుండా కార్బన్ మాస్ట్, పైన వెడల్పాటి మెయిన్ సెయిల్ తెచ్చింది. లేజర్ అనే ఒక్క మనిషి బోటులో పై మాస్ట్ ముక్క అల్యూమినియం కాబట్టి వంగిపోయేది, తిరగేసి వాడుకునేవాళ్లు, తర్వాత దానికి కాంపోజిట్ ముక్క ఇచ్చారు, పాత బోటుకే తగిలించుకోవచ్చు. ఇలాంటి మార్పులకి ఓట్లు తేలిగ్గా పడతాయి, ఎవరి బోటూ మూలన పడదు కదా.

505 సంగతి మాత్రం విచిత్రం. 50ల్లో జాన్ వెస్టెల్ డిజైన్ చేసిన హల్, ట్రపీజ్ ఒక్కటే, స్పినేకర్ ఇప్పటికీ పాత పద్ధతిలో సిమెట్రికలే, కాకపోతే 2000 తర్వాత సైజు పెంచుకున్నారు. స్కిఫ్ అవుదామని అది ఎప్పుడూ తాపత్రయపడలేదు, అయినా వరల్డ్ ఛాంపియన్‌షిప్ పెడితే పెద్ద ఫ్లీటే వస్తుంది.