డాకర్ కమాండ్లు బట్టీ పట్టక్కర్లేదు

తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఒకటే గొడవ. నలుగురు కలిసి దామలచెరువు మండీలో తోతాపురి ధరలు చూపించే వెబ్‌సైట్ చేస్తారనుకోండి. ఒకరి ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. ఇంకొకరి దాంట్లో పైథాన్ వెర్షన్ వేరు. మూడో అమ్మాయి దగ్గర ఏదో లైబ్రరీ ఉండదు. డెమో ముందు రాత్రంతా ఇదే టెన్షన్. ప్రోగ్రాముని దానికి కావాల్సినవన్నీ కలిపి కంటైనర్ అనే విడి గదిలో నడిపించే డాకర్ వాడితే ఈ తలనొప్పి ఉండదని ఎవరో చెబుతారు. వెంటనే ఓ పేజీడు కమాండ్లు రాసుకుని బట్టీ మొదలుపెడతారు. నాకు బాధ కలిగించేది ఆ బట్టీయే. కంటైనర్ అంటే ఏమిటో సరిగ్గా పట్టుకుంటే ఆ కమాండ్లలో చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

కంటైనర్‌లో నడిచేది మీ ప్రోగ్రామే. మిగతా ప్రోగ్రాముల్లాగే అది కూడా లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీద నడిచే మామూలు ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము. కాకపోతే చుట్టూ ఉన్నదంతా కెర్నల్ దానికి కనిపించనివ్వదు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో అయితే మరో ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం, సొంత కెర్నల్‌తో సహా లేవాలి. అది సొంత బోరు, సొంత మోటారుతో విడిగా కట్టుకున్న ఇల్లు. కంటైనరేమో సత్రంలో గది. తలుపు వేసుకుంటే పక్క గది కనపడదు, నీళ్లు మాత్రం అందరికీ ఒకే ట్యాంకు నుంచి వస్తాయి. కొత్త కెర్నల్ లేవాల్సిన పని లేదు కాబట్టే కంటైనర్ కళ్లు మూసి తెరిచేలోగా మొదలవుతుంది.

టెర్మినల్‌లో ‘డాకర్ రన్ ఆల్పైన్’ అని కొట్టి చూడండి (టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే). ఆల్పైన్ అనేది బుల్లి లైనక్స్ ఇమేజ్ (కంటైనర్‌కి కావాల్సిన ఫైళ్ల మూట), పది ఎంబీ కూడా ఉండదు. అది డౌన్‌లోడ్ అవుతుంది, తర్వాత ఏమీ జరగనట్టే ఉంటుంది. నడుస్తున్న కంటైనర్లు చూపించే ‘డాకర్ పీఎస్’ కొడితే జాబితా ఖాళీ. ఏదో చెడిపోయిందని చాలామంది ఇక్కడే కంగారు పడతారు. ఆగిపోయినవి కూడా చూపించే ‘డాకర్ పీఎస్ -ఏ’ కొట్టండి. కంటైనర్ ఉంది, పక్కన ‘ఎగ్జిటెడ్ (0)’ అని కూడా ఉంది. లోపల షెల్ (మనం కొట్టే కమాండ్లు అందుకునే ప్రోగ్రాము) మొదలైంది, టైప్ చేసేవాళ్లు ఎవరూ లేరు, పని లేక ముగిసిపోయింది. ప్రాసెస్ అయిపోతే కంటైనర్ ఆగినట్టే. సున్నా అంటే తప్పేమీ లేకుండా ముగిసిందని.

ఈసారి ‘డాకర్ రన్ -ఐటీ ఆల్పైన్’ అనండి. మీ కీబోర్డు లోపలి షెల్‌కి కలుస్తుంది. అక్కడ ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే ‘పీఎస్’ కొడితే కనిపించేవి రెండే: నంబరు 1తో షెల్, తర్వాత ఆ పీఎస్. లైనక్స్ మెషీన్ మీదే ఇంకో టెర్మినల్ తెరిచి వెతికితే అదే షెల్ వేలల్లో ఏదో నంబరుతో కనిపిస్తుంది. ఒకే ప్రాసెస్‌కి లోపల ఓ నంబరు, బయట ఓ నంబరు. ఇలా చూపించే కెర్నల్ తెరని నేమ్‌స్పేస్ అంటారు. నెట్‌వర్క్‌కి, ఫైళ్లకి, కంప్యూటర్ పేరుకి కూడా ఇలాంటి తెరలే ఉన్నాయి.

ఈ ఆలోచన డాకర్‌తో పుట్టలేదు. ప్రోగ్రాముకి ఒక ఫోల్డర్‌నే మొత్తం డిస్కుగా చూపించే ‘సీహెచ్‌రూట్’ యూనిక్స్‌లోకి 1979లోనే వచ్చింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా సిస్టమ్‌లో ప్రోగ్రాముల్ని విడిగా ఉంచే జైల్స్ వచ్చాయి. ఎవరు ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ వాడాలో హద్దు పెట్టే సీగ్రూప్స్ పనిని గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టారు, 2008లో అది లైనక్స్ కెర్నల్‌లో చేరింది. 2013 మార్చిలో డాకర్ సృష్టికర్త సాలమన్ హైక్స్ పైథాన్ వాడేవాళ్ల పైకాన్ సభలో చిన్న ప్రసంగంలో డాకర్ చూపించేనాటికి సరుకంతా సిద్ధంగానే ఉంది. దాన్ని అందరి చేతికీ అందేలా చేసింది డాకర్.

ప్రాసెస్ అని గుర్తుంటే మిగతా కమాండ్లు తేలికే. ‘డాకర్ స్టాప్’ ముందు ఇక ఆగమని మర్యాదగా సిగ్నల్ పంపుతుంది, పది సెకన్లు ఆగి, వినకపోతే చంపేస్తుంది. అలా చంపినప్పుడు సాధారణంగా కనిపించే కోడ్ 137. అంటే 128కి, చంపే సిగ్నల్ నంబరు తొమ్మిది కలిపిన లెక్క. మెమరీ హద్దు దాటినందుకు కెర్నల్ చంపినా ఇదే కోడ్ వస్తుంది. కాబట్టి మీరు ఆపకుండానే 137 కనిపిస్తే ముందు మెమరీని అనుమానించండి. ప్రోగ్రాము ఏం చెప్పిందో చూడటానికి ‘డాకర్ లాగ్స్’. నడుస్తున్న కంటైనర్‌లోకి వెళ్లి చూడాలంటే ‘డాకర్ ఎగ్జెక్’, అది లోపల ఇంకో ప్రాసెస్ మొదలుపెడుతుంది, అంతే.

కంటైనర్‌ని తీసేసే ‘డాకర్ ఆర్‌ఎం’ దగ్గర మాత్రం జాగ్రత్త. కంటైనర్ లోపల రాసిన ఫైళ్లు దాని సొంత పై పొరలో ఉంటాయి, కంటైనర్ తీసేస్తే ఆ పొరా పోతుంది. సీజనంతా నమోదు చేసిన మామిడి ధరల డేటాబేస్ అక్కడే ఉంటే ఇక దొరకదు. అందుకే డేటాని వాల్యూమ్‌లో (కంటైనర్ పోయినా మిగిలే నిల్వ చోటు) పెట్టి, రన్ చేసేటప్పుడు ‘-వి’తో తగిలించాలి. మొదటి రోజే నేర్పాల్సిన విషయం ఇది.

మన పిల్లల ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ విండోస్. కంటైనర్‌కి లైనక్స్ కెర్నల్ కావాలి కదా, అందుకని డాకర్ డెస్క్‌టాప్ విండోస్‌లో చాటుగా ఒక లైనక్స్ వర్చువల్ మెషీన్ నడుపుతుంది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మూలగడానికి కారణం అదే, మీ ప్రాజెక్టు తప్పేం లేదు.

హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకి పొరల సంగతి తెలిస్తే డేటా మిగులుతుంది. ఇమేజ్ అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు. ఇమేజ్ ఎలా తయారవ్వాలో వరుసగా రాసే డాకర్‌ఫైల్‌లో ఫైళ్లు మార్చే ఒక్కో లైను ఒక్కో పొర. ఒక లైను మారితే అక్కడినుంచి కిందవన్నీ మళ్లీ తయారవుతాయి, పైవి ఉన్నవే వాడుకుంటుంది. అందుకని లైబ్రరీల జాబితా ఫైలు కాపీ చేసి, వాటిని ఇన్‌స్టాల్ చేసే లైన్లు ముందు రాయండి. మీ కోడ్ కాపీ చేసే లైను ఆ తర్వాత పెట్టండి. అప్పుడు కోడ్‌లో ఒక్క అక్షరం మార్చి మళ్లీ బిల్డ్ చేసినా లైబ్రరీలు మళ్లీ డౌన్‌లోడ్ కావు.