రీమాస్టర్ అని అట్ట మీద ఉంటే సరిపోదు: బీటిల్స్ సీడీల మీద అపోహలు, వాస్తవాలు

బరంపురంలో నాకో చిన్న ఆడియో గది ఉంది. పాత క్యాసెట్లు, స్పూలు టేపులు కంప్యూటర్లోకి ఎక్కించి, శుభ్రం చేసి ఇస్తాను. అటు పర్లాకిమిడి నుంచి, ఇటు ఇచ్ఛాపురం నుంచి పద్యనాటకాలు, ఒడియా భజనలు, ఎవరి తాతగారి గొంతో ఉన్న టేపులు వస్తుంటాయి. ఇది బతుకుతెరువు. పిచ్చి మాత్రం వేరే ఉంది. ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ ఆల్బమ్ ఒక్కోదాన్నీ రెండు మూడు ముద్రణల్లో కొని పక్కపక్కన పెట్టి వింటాను. "ఒకటే పాటకి ఇన్ని సీడీలేమిటి" అని ఇంట్లో గొడవ. ఒకటే పాట, నిజమే. సీడీ మీదికి ఎక్కిన తీరు ఒకటి కాదు. నా గదికి వచ్చేవాళ్లు పదేపదే అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: రీమాస్టర్ అంటే పాటను మళ్లీ మిక్స్ చేశారన్నమాట.

రెండూ వేర్వేరు పనులు. గొంతు, గిటారు, డ్రమ్స్ విడివిడి ట్రాకుల్లో ఉండగా ఏది ఎంత వినపడాలో తేల్చేది మిక్సింగ్. అలా కలిపేసిన టేపును తీసుకుని దాని స్థాయినీ బేస్ ట్రెబుల్‌నీ సర్దేది మాస్టరింగ్. అదే పని మళ్లీ చేస్తే రీమాస్టర్. తేడా చెవులతో తెలుసుకోవాలంటే డీప్ పర్పుల్ అనే రాక్ బృందం వాళ్ల 'మెషీన్ హెడ్' 1997 ముద్రణ దొరికితే వినండి. రెండు డిస్కుల సెట్టు అది. ఒకదాంట్లో ఆ బృందం బేస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్ కొత్తగా చేసిన మిక్సులు, రెండోదాంట్లో పాత మిక్సుల రీమాస్టర్.

బీటిల్స్ దగ్గర ఇది ఇంకా చిక్కు. మా ఊళ్లో రిటైరైన లెక్చరర్ గారొకరు 1987లో వచ్చిన 'రబ్బర్ సోల్' సీడీ తెచ్చి, "ఇది మొదటిది, కల్తీ లేనిది" అన్నారు. ఆయన మనసు నొప్పించడం ఇష్టం లేకపోయినా చెప్పక తప్పలేదు. 'హెల్ప్!', 'రబ్బర్ సోల్' రెండూ 1965 ఆల్బమ్‌లు. సీడీ కోసం వాటిని బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ 1986లో మళ్లీ మిక్స్ చేశారు. 2009లో రీమాస్టర్ చేసి తెచ్చిన స్టీరియో సీడీలకు ఆధారం కూడా ఆ మిక్సులే. అసలు 1965 స్టీరియో మిక్సులు కావాలంటే 2009లో వచ్చిన మోనో బాక్సులో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం వచ్చే మోనో సీడీల పెట్టెలో, చూసుకోవాలి. స్టీరియో కోసం మోనో బాక్సు కొనాలండి, అదీ సంగతి. మేష్టారు చాలాసేపు మాట్లాడలేదు.

అపోహ: కొత్త సీడీ గట్టిగా, స్పష్టంగా మోగుతోంది, కాబట్టి అదే మేలు.

అందరూ పడే గోతి ఇదే. నేనూ పడ్డాను.

మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. పక్కపక్క వీధుల్లో రెండు మైకు సెట్లు మోగుతుంటే జనం ఎటు మళ్లుతారు? గట్టిగా మోగేవైపే. చెవి తీరు అంత. ఒక్క డెసిబెల్ పెంచినా, పెంచారని పోల్చుకోలేదు గానీ "ఇది బాగుంది" అనేస్తుంది.

అయితే సీడీలో పైకప్పు ఒకటుంది. శబ్దాన్ని కొలిచి రాసుకునే ఒక్కో అంకెకి, అంటే ఒక్కో శాంపిల్‌కి, 16 బిట్లు. అంటే 32,767 దాటిన అంకె అందులో పట్టదు. డ్రమ్ దెబ్బ ఆ కప్పును తాకాక పాటను ఇంకా గట్టిగా చేయాలంటే దారి ఒకటే. లిమిటర్ అనే సాధనంతో ఆ దెబ్బల నెత్తి నొక్కి, మిగతాదంతా పైకి లేపాలి. గొంతు ముందుకొస్తుంది, గిటారు నిండుగా ఉంటుంది, డ్రమ్ మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు అయిపోతుంది. రష్ అనే రాక్ బృందం 2002లో తెచ్చిన 'వేపర్ ట్రెయిల్స్' ఈ రోగానికి పేరుమోసిన ఉదాహరణ. వాళ్లకే నచ్చక 2013లో మొత్తం మళ్లీ మిక్స్ చేయించి విడుదల చేశారు.

బీటిల్స్ 2009 సీడీలు అంత పాపం చేయలేదు. అబీ రోడ్ స్టూడియో ఇంజనీర్లు స్టీరియో డిస్కులకు లిమిటర్ కొద్దిగా వాడారు, మోనోకు అసలు వాడలేదు. ఆ కొద్దిపాటి దానికే నేను రెండు వారాలు మోసపోయాను. వాల్యూమ్ నాబ్ కదపకుండా 1987 డిస్కూ 2009 డిస్కూ మార్చి మార్చి విని, కొత్తది స్వర్గమని మేష్టారికి ఫోన్ చేసి మరీ చెప్పాను. తర్వాత రెంటి సగటు స్థాయి కొలిచి, గట్టిగా ఉన్నదాన్ని తగ్గించి సమం చేశాను. నాకు వినిపించిన తేడాలో సగం మాయం. మిగిలిన సగం నిజమైనదే. బేస్ గిటారు నోట్లు కొత్తదాంట్లో ఒకదాని నుంచి ఒకటి విడిగా తెలుస్తాయి. ఇప్పటికీ నా ఓటు 2009కే, కాకపోతే మునుపటి పూనకం లేదు. ఇప్పుడు పోల్చేటప్పుడు బటన్ మా మేనల్లుడి చేత నొక్కిస్తున్నాను. ఏది మోగుతోందో నాకు చెప్పొద్దంటాను. వాడికి భలే సరదా.

అపోహ: టేపు చప్పుడు పూర్తిగా పోతేనే మంచి రీమాస్టర్.

ఇది నా వృత్తికి నేరుగా తగిలేది. మొదట్లో ఒక హరికథ క్యాసెట్‌లో సుయ్‌మనే చప్పుడు మొత్తం తీసేశాను. కథ ఆగినచోట చప్పుడు నమూనా తీసుకున్నాను, కానీ అక్కడ శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా చెత్త కింద కట్టేసింది. దాసుగారు శ్రుతి లేకుండా బావిలోంచి పాడినట్టు వచ్చింది. మళ్లీ మొదటి నుంచి చేశాను, డబ్బు తీసుకోలేదు.

సింబల్ మోత ఆరిపోయే చివర, గది ప్రతిధ్వని, టేపు చప్పుడు ఇవన్నీ ఒకేచోట కలిసి ఉంటాయి. ఒకదాన్ని పట్టి లాగితే మిగతావీ వస్తాయి. 2009 బృందం నాలుగేళ్లు పనిచేసి, 525 నిమిషాల సంగీతంలో ఐదు నిమిషాల లోపే చప్పుడు తీసే పద్ధతి వాడిందంటే ఊరికే కాదు. వాళ్ల శ్రద్ధంతా టేపును సరిగ్గా చదవడం మీదే. ఒక్కో పాట ఎక్కించాక యంత్రం హెడ్లకు అంటిన దుమ్ము తుడిచి, అప్పుడు తర్వాతి పాట. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి బూజు పట్టిన క్యాసెట్లు తుడిచే నాకు, చదివినప్పుడు ప్రాణం లేచొచ్చింది.

అపోహ: పాత సీడీ ఎప్పుడూ కర్ణకఠోరమే.

కొన్ని అంతే. ఎల్పీ కోతకని సర్దిన కాపీ టేపుల నుంచి అప్పట్లో చాలా సీడీలు దించేశారు. కానీ లిమిటర్ బాధ లేనివి కూడా అవే. ఇంకో మాట: కొన్ని తొలినాటి డిస్కుల్లో ట్రెబుల్‌ని కావాలనే పెంచి రాశారు. దాన్ని ప్రీ ఎంఫసిస్ అంటారు. ప్లేయర్ తనంతట తాను తగ్గించుకుంటుంది. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే చాలాసార్లు తగ్గదు. తప్పు మన సాఫ్ట్‌వేర్‌ది, తిట్లు డిస్కుకి.

అపోహ: బంగారు పూత డిస్కు, జపాన్ ప్రత్యేక ప్లాస్టిక్ డిస్కు అయితే శబ్దం వేరు.

మాస్టరింగ్ ఒకటే అయితే అంకెలు ఒకటే. నా కంప్యూటర్లో రెండు ఫైళ్లను ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది నిశ్శబ్దం. తేడా వినిపించిందంటే మాస్టరింగ్ వేరన్నమాట. పూతకు పెట్టే డబ్బుతో ఇంకో ముద్రణ కొనుక్కోవచ్చు.

ఏ ముద్రణో తేల్చుకోవాలంటే అట్ట మీది సంవత్సరాన్ని నమ్మొద్దు. అక్కడ చాలాసార్లు ఆల్బమ్ పుట్టిన ఏడాదే ఉంటుంది. డిస్కు తిప్పి, మెరిసే వైపు నడిమి రంధ్రం చుట్టూ ఉన్న సన్నటి వలయం చూడండి. అక్కడ చెక్కిన అంకెలే డిస్కు అసలు జాతకం. ఐఎఫ్‌పీఐ (రికార్డు కంపెనీల అంతర్జాతీయ సంఘం పేరు) అనే అక్షరాలు అక్కడ కనిపిస్తే 1994కి ముందు అచ్చైంది కాదు. పాత సీడీ ఏది దొరికినా మేష్టారు ఇప్పుడు పాట వినరు, ముందు ఫోన్ లైటు వేసి ఆ వలయం చదువుతారు.