దశదినకర్మ కార్డులు, జ్ఞాపకార్థ కూడిక పత్రికలు: అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో డీటీపీ, ఆఫ్‌సెట్ పని చేసే మా దగ్గరికి పెండ్లి పత్రికల వారు నెల ముందే వస్తారు. దశదినకర్మ కార్డుల వారు మాత్రం పిట్టకు పెట్టుడు (కాకులకు మెతుకులు పెట్టే కర్మ) ముగిశాక వచ్చి, రేపటికే కావాలంటారు. ఆ తొందరలోనే కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: పేర్ల జాబితా పెద్దకొడుకు ఇస్తే చాలు.

వాస్తవం: గొడవ వచ్చేది ఫొటో దగ్గర కాదు, "శోకతప్తులు" అన్న శీర్షిక కింద. కుమారులను, కోడళ్లను పెద్ద అక్షరాల్లో వేసి, కుమార్తెలను, అల్లుళ్లను "బంధుమిత్రులు" అన్న మాటలో కలిపేసిన జాబితాలు ఇప్పటికీ వస్తుంటాయి. అడిగితే తప్ప ఎవరూ సరిచేయరు. అంతకంటే ప్రమాదం "కీ.శే."తో ఉంటుంది. మృతుని తల్లిదండ్రుల వరుసను కాపీ చేసి దాని మీదనే కింది పేర్లు కొట్టినప్పుడు, ఆ "కీ.శే." బతికున్నవారి పేరు ముందు అలాగే ఉండిపోగలదు. అందుకే ప్రూఫును ఒకరు పైకి చదువుతుంటే మరొకరు ఒక్కో పేరు మీద వేలు పెట్టి చూడాలని కోరతాం. ఆ రెండోవారు మేనత్త అయితే మరీ మంచిది, ఎందుకంటే చుట్టరికాలు ఆమెకు గుర్తున్నంతగా కొడుకులకు ఉండవు.

అపోహ: వాట్సాప్‌లో పంపిన వివరాలు అతికిస్తే పేజీ తయారవుతుంది.

వాస్తవం: ఫోన్‌లో కొట్టిన తెలుగు యూనికోడ్ అనే అంతటా చెల్లే అక్షర సంకేతాల్లో ఉంటుంది, చాలా ప్రెస్సుల్లో వాడే "అను" అన్న పేరుగల ఫాంట్ల అమరిక వేరు. మార్చేటప్పుడు ఒత్తులు చెదరవచ్చు, ఇంటిపేర్లలో ఆ తప్పు వెంటనే కంటపడదు. ఫొటో సంగతీ అంతే. 4×6 అంగుళాల ముద్రణ స్పష్టంగా రావాలంటే సుమారు 1200×1800 పిక్సెళ్లు కావాలి కాబట్టి, ఫొటోను సైజు తగ్గకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. గోడమీది పాత ఫొటో అయితే అద్దం తీసి స్కాన్ చేయించాలి. అద్దం మీది ట్యూబ్‌లైటు మెరుపు ముఖం మీద పడితే దాన్ని తుడిచే విద్య మా దగ్గర లేదు.

అపోహ: జ్ఞాపకార్థ కూడికకు వేసే చర్చి ఆరాధన క్రమంలో పాటల సంఖ్యలు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: వచ్చే బంధువుల్లో కాథలిక్కులు, బాప్టిస్టులు, మహబూబ్‌నగర్ వైపు మెన్నోనైట్ సంఘం వారు, చర్చికి ఎన్నడూ రాని హిందువులు కలిసే ఉంటారు. అందరి చేతుల్లో ఒకే పాటల పుస్తకం ఉండదు కాబట్టి చరణాలు పూర్తిగా వేయాలి. ఏ4 కాగితాన్ని మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. అది చాలకపోతే ఎనిమిదికి వెళ్లాలి, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకం ఆరు పేజీలతో కుదరదు.

అపోహ: సంవత్సరీకం పత్రికలో నిరుటి ఇంగ్లిష్ తేదీ వేయవచ్చు.

వాస్తవం: తిథి ప్రకారం చేసే ఇంట్లో అది సాధారణంగా నిరుటి తేదీ కంటే సుమారు 11 రోజులు ముందే వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం అనే అదనపు నెల వచ్చినందువల్ల, 2025 శ్రావణంలో పోయినవారి తిథి ఆ ఏడు సుమారు 19 రోజులు ఆలస్యంగా పడుతుంది. పురోహితుడు తేదీ చెప్పాకే ముద్రణకు ఇవ్వాలి.

అపోహ: కార్డు ఉంటే మరణానికి రుజువు ఉన్నట్టే.

వాస్తవం: అది ఆహ్వానం మాత్రమే. ఊళ్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్టణంలో మున్సిపాలిటీలో 21 రోజుల్లోపు మరణాన్ని నమోదు చేయించాలి. కార్డు మీద అందరూ పిలిచే పేరు వేసుకోవచ్చు గాని, అక్కడ మాత్రం ఆధార్‌లో ఉన్న పేరే ఇవ్వడం మంచిది.