కాంగోలో ఒక దారి కోసం

చిరంజీవులకు, అమ్మమ్మ ఆశీస్సులు.

పరమవీర చక్ర పొందినవాళ్ళ పేర్లు చదువుతూ ఒకచోట ఆగి, "ఈయన కాంగోలో ఎందుకు చనిపోయారు? అది మన దేశం కాదు కదా!" అని అడిగారు. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

ఆయన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా. 1935 నవంబరు 29న షకర్‌గఢ్ ప్రాంతంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. దేశ విభజనప్పుడు వాళ్ళ కుటుంబం ఇటు గురుదాస్‌పూర్ జిల్లాకు వచ్చేసింది. తండ్రి కూడా సైన్యంలో పనిచేసినవారే. మిలిటరీ కాలేజీలో చేరబోతే మొదటిసారి ఛాతీ కొలత చాలలేదని పంపేశారట. ఆ పిల్లాడు వ్యాయామం చేసి, మళ్ళీ వెళ్ళి చేరాడు. తర్వాత నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చదివి, 1957లో ఆఫీసరయ్యారు.

ఇక ఆఫ్రికాలోని కాంగో సంగతి. 1960 జూన్ 30న ఆ దేశానికి బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలైనా తిరక్కుండానే కటంగా అనే రాష్ట్రం "మేం విడిపోయాం" అని ప్రకటించింది. రాగి గనులు ఎక్కువగా ఉన్నది అక్కడే. బెల్జియం గనుల కంపెనీ అండ, డబ్బుకు పోరాడే విదేశీ సైనికుల తుపాకులు ఆ నాయకుల వెనక ఉన్నాయి. కొత్తగా పుట్టిన దేశం ముక్కలైపోతుంటే, అక్కడి ప్రభుత్వం ఐక్యరాజ్యసమితిని సాయం అడిగింది. సమితి శాంతి దళంలోకి మన దేశం ఒక బ్రిగేడ్‌నే పంపింది. సలారియా గారు ఒకటో గూర్ఖా రైఫిల్స్ మూడో బెటాలియన్‌తో వెళ్ళారు. ఏ ఊరినీ ఆక్రమించడానికి కాదు, గొడవ ముదరకుండా మధ్యలో నిలబడడానికి.

మధ్యలో నిలబడడం తేలికని అనుకోకండి. 1961 సెప్టెంబరులో కాల్పుల విరమణ మాట్లాడడానికి బయల్దేరిన ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ విమానం కూలి చనిపోయారు. డిసెంబరుకల్లా కటంగా దళాలు తమ రాజధాని ఎలిజబెత్‌విల్ పట్టణానికీ విమానాశ్రయానికీ మధ్య రోడ్డు మూసేశాయి. రోడ్డు మూసేస్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. పట్టణంలో ఉన్న శాంతి సైనికులకు తిండి అందదు, మందులు అందవు, గాయపడ్డవాళ్ళను బయటికి తేలేరు. చుట్టుముట్టేస్తే అంతే.

డిసెంబరు 5న ఆ అడ్డు తొలగించడానికి గూర్ఖాలు కదిలారు. ముఖ్య దళం ఎదురుగా వెళ్తే, శత్రువు వెనక్కి తప్పించుకోకుండా ఆపే పని సలారియాది. ఆయన వెంట 16 మంది. దారిలో, ఎవరూ కనిపెట్టని చోట పొంచి ఉన్న సుమారు 90 మంది కాల్పులు మొదలుపెట్టారు. వాళ్ళ దగ్గర రెండు సాయుధ వాహనాలు కూడా ఉన్నాయి. రాకెట్ లాంచర్‌తో వాటిని పనికిరాకుండా చేసి, గ్రెనేడ్లతో, బయొనెట్లతో, ఖుక్రీలనే గూర్ఖాల వంపు కత్తులతో మీదికి దూకారు మనవాళ్ళు. సలారియా మెడకు తూటాలు తగిలాయి. నెత్తురు పోతున్నా, పడిపోయేదాకా ఆగలేదు. ఆ గాయాలతోనే చనిపోయారు. 26వ పుట్టినరోజు వెళ్ళి వారం కూడా కాలేదు.

శత్రువుల్లో 40 మంది దాకా చనిపోయారని అందరూ మొదట ఆ లెక్కే చెబుతారు. నాకది మొదట చెప్పాల్సిన మాటగా అనిపించదు. వాళ్ళూ ఏదో ఇంటి పిల్లలే. మిగిలినవాళ్ళు పారిపోయారు, పట్టణంలోని ఐక్యరాజ్యసమితి కేంద్రం ముట్టడి నుంచి తప్పించుకుంది. ఆయన ప్రాణం పెట్టింది దానికి. కటంగా 1963 జనవరిలో మళ్ళీ కాంగోలో కలిసింది, అది చూడడానికి ఆయన లేరు.

ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుడిగా పరమవీర చక్ర పొందింది ఇప్పటికీ ఆయనొక్కరే. అండమాన్‌లో ఒక దీవికి 2023లో ఆయన పేరు పెట్టారు. శాంతి దళాల్లో పనిచేస్తూ ఇప్పటిదాకా 170 మందికి పైగా భారతీయులు చనిపోయారు. చాలామంది పేర్లు మన పుస్తకాల్లోకే రాలేదు, అది నాకు బాధ.

మే 29న శాంతి సైనికుల దినం వస్తుంది. ఈసారి బడిలో మాట్లాడే అవకాశం వస్తే ఈయన గురించి చెప్పండి. అట్లాసు కూడా తీసుకెళ్ళండి. ఎలిజబెత్‌విల్ అని వెతికితే దొరకదు, ఇప్పుడు దాని పేరు లుబుంబాషి. కాంగో దక్షిణపు కొసలో, జాంబియా సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది.

మీ అమ్మమ్మ